కాలం మించని హెచ్చరిక

ఉద్దేశం

సూర్యరశ్మిని ఆహారంగా గ్రహించి, రాత్రింబవళ్లు పరిసరాలను కనిపెట్టుకొని ఉండే వైర్‌లెస్ సెన్సర్ల జాలం ఆధునిక విజ్ఞానం ప్రసాదించిన సాధనాలలో ఒకటి. పరిమితమైన శక్తితో ఆపదను సకాలంలో గుర్తించడం ఎట్లా అన్న ప్రశ్నను ముత్తంగి పరిసరాల నేపథ్యంలో పరిశీలించి, పొదుపులోని వివేకాన్ని, హెచ్చరిక విన్న మానవుని బాధ్యతను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆపద సంభవించడం ఒక విషయం. ఆపద సంభవించబోతున్నదని తెలియడం మరొక విషయం. ఈ రెండింటి నడుమ లభించే వ్యవధి ఎంత స్వల్పమైనా, దానిని వినియోగించుకోగలిగినవాడు ప్రాణాలతో బయటపడతాడు. ఆదిపర్వంలోని లాక్షాగృహ వృత్తాంతం ఈ సత్యాన్నే చాటుతున్నది. వారణావతానికి ప్రయాణమైన ధర్మరాజుకు విదురుడు ఇతరులకు బోధపడని రీతిలో రానున్న ముప్పును సూచించాడు. తరువాత నమ్మకస్థుడైన ఖనకుని పంపి సొరంగం త్రవ్వించాడు. పాండవులు ఆ మాటలోని మర్మాన్ని గ్రహించి, ఏమరుపాటు లేక మెలగి, సమయం ఆసన్నమైనప్పుడు సొరంగ మార్గాన తప్పించుకొన్నారు. కీడును ముందుగా గుర్తించడం, ఆ వార్తను చేరవలసినవారికి చేరవేయడం, విన్నవారు తదనుగుణంగా వర్తించడం అనే మూడు అంశాలు ఈ కథలో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా లక్క ఇంటితోపాటు పాండవులు కూడా భస్మమయ్యేవారే. పరిశ్రమలు వెలసిన నేటి కాలంలో విదురుని పాత్రను అరచేతిలో ఇమిడే చిన్న యంత్రాలకు అప్పగించే ప్రయత్నం జరుగుతున్నది.

ఈ ప్రయత్నం ఎంత అవసరమో తెలుసుకోవడానికి సంగారెడ్డి జిల్లాలోని ముత్తంగి పరిసరాలను చూస్తే చాలు. హైదరాబాదు నుండి ముంబయికి పోయే జాతీయ రహదారిపై, పటాన్‌చెరు దాటిన తరువాత వచ్చే ఊరు ముత్తంగి. హైదరాబాదు చుట్టూ నిర్మించిన బాహ్యవలయ రహదారి ఇక్కడే ఆ రహదారిని కలుస్తుంది. దీనికి చేరువలోనే పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం ఉన్నాయి. 1970 దశకం నుండి ఈ ప్రాంతంలో ఔషధ, రసాయన, ఇనుప పరిశ్రమలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి. అనేక రాష్ట్రాల నుండి వచ్చిన శ్రామికులకు ఇవి అన్నం పెట్టాయి. అయితే పరిశ్రమల వ్యర్థజలాలు చెరువులలో నిలిచి, నక్కవాగు గుండా మంజీరలో కలవడంతో వాగు ఒడ్డున ఉన్న రైతుల పొలాలు, బావులు చెడిపోయాయి. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పనిచేయనారంభించింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి, తీవ్ర కాలుష్యానికి గురైనవిగా 43 ప్రాంతాలను ప్రకటించినప్పుడు వాటిలో పటాన్‌చెరు–బొల్లారం కూడా ఉన్నది.

2017 అక్టోబరులో ఈ ప్రాంతంలోని గండిగూడెం చెరువులో చేపలు టన్నులకొద్దీ చనిపోయి నీటిపై తేలాయి. చెరువునే నమ్ముకొన్న మత్స్యకారుల కష్టఫలం కండ్లముందే కుళ్లిపోయింది. నీటిలో ఏదో విపరీతం జరిగిందని ప్రజలకు తెలియజేసినవి ఆ చేపలే. ప్రాణం పోగొట్టుకొని అవి అందించిన ఆ వార్త ఎవరినీ రక్షించలేకపోయింది. చేపల కళేబరం కంటే ముందు కబురు తెచ్చే సాధనం కావాలి.

నీటి కాలుష్యాన్ని తెలుసుకొనే సంప్రదాయ పద్ధతిలో అధికారులు సీసాలలో నమూనాలు సేకరించి ప్రయోగశాలకు పంపుతారు. నీటిలోని సేంద్రియ మలినాన్ని అంచనా వేసే జీవరసాయన ఆక్సిజన్ పరీక్షకు మన దేశ ప్రమాణం ప్రకారం 27 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద మూడు రోజులు పడుతుంది. సెకనుకు అర మీటరు వేగంతో ప్రవహించే వాగు ఒక్క రోజులో 43 కిలోమీటర్లు సాగిపోతుంది. పరీక్షా ఫలితం కాగితంపైకి వచ్చేసరికి ఆ నీరు ఎవరి పొలంలో పారిందో, ఏ పశువు త్రాగిందో చెప్పడం కష్టం. ఈ పద్ధతి జరిగిన నేరానికి సాక్ష్యమవుతుందే కాని, జరగనున్న కీడుకు హెచ్చరిక కాజాలదు. అందువల్లనే 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, అధిక కాలుష్యం కలిగించే 17 తరగతుల పరిశ్రమలు తమ వ్యర్థాలను నిరంతరం కొలిచి ఆ సమాచారాన్ని వెంటవెంటనే పంపే యంత్రాలను అమర్చుకోవాలని ఆదేశించింది. కాని ఆ యంత్రాలు ఉండేది పరిశ్రమల గొట్టాల వద్ద. గోడ దాటిన తరువాత వాగు గట్టున, చెరువు కట్టపై, పొలాల నడుమ ఏమి జరుగుతున్నదో చూసే కన్ను ఏది? అక్కడ విద్యుత్ స్తంభం ఉండదు. తీగ లాగడానికి వీలుండదు. అటువంటి చోటికి తగినది వైర్‌లెస్ సెన్సర్ల జాలం.

ఈ జాలంలోని ఒక్కొక్క యంత్రాన్ని నోడ్ అంటారు. ప్రతి నోడ్‌లో నాలుగు భాగాలుంటాయి. పరిసరాలలోని మార్పును గ్రహించేది సెన్సర్. గ్రహించిన దానిని లెక్కించి నిర్ణయం తీసుకొనేది చిన్న కంప్యూటర్ చిప్. ఆ నిర్ణయాన్ని ప్రక్క నోడ్‌కు తీగ లేకుండా పంపేది రేడియో. ఈ మూడింటికీ ప్రాణాధారమైనది బ్యాటరీ. ఒక నోడ్ పంపిన సమాచారం మరొక నోడ్‌కు, అక్కడి నుండి వేరొక నోడ్‌కు చేరుతూ చివరకు కేంద్రానికి అందుతుంది. ఒకరి చేతి నుండి మరొకరి చేతికి సంచులు మారుతూ సాగిన పూర్వపు టపా బంట్ల ప్రయాణం వంటిదే ఇది. 2002లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు గ్రేట్ డక్ దీవిలో సముద్రపక్షుల గూళ్ల దగ్గర ఇటువంటి నోడ్‌లను ఉంచి, పక్షులకు అలజడి కలిగించకుండా వాటి జీవితాన్ని పరిశీలించారు. 2005లో ఈక్వడార్ దేశంలోని రెవెంటడార్ అగ్నిపర్వతంపై 16 నోడ్‌లతో విస్ఫోటనాలను గమనించారు.

ఇంత చక్కని సాధనానికి ఒక పెద్ద లోపం ఉన్నది, అది ఆకలి. 2000 దశకం మధ్యలో పరిశోధకులు విరివిగా వాడిన నోడ్‌లలో రేడియో పనిచేస్తున్నంతసేపూ సుమారు 20 మిల్లీఆంపియర్ల విద్యుత్తు ఖర్చయ్యేది. ఇతరులు పంపే మాటను వింటూ ఊరక కూర్చొన్నా దాదాపు అంతే ఖర్చు. రెండు పెన్సిల్ బ్యాటరీలు 2,500 మిల్లీఆంపియర్-గంటల శక్తిని ఇస్తాయనుకొంటే, నిరంతరం మేల్కొని ఉన్న నోడ్ 125 గంటలలో, అంటే ఐదు రోజులలో కన్నుమూస్తుంది. అదే నోడ్ నూటికి ఒక్క వంతు కాలం మాత్రమే మేల్కొని, తక్కిన కాలం నిద్రిస్తే, ఇతర ఖర్చులను విడిచి లెక్కించినప్పుడు 12,500 గంటలు, అంటే సుమారు 520 రోజులు జీవిస్తుంది. నిద్ర ఆయుష్షును నూరు రెట్లు పెంచింది. కాని నూటికి తొంభై తొమ్మిది వంతుల కాలం నిద్రించే కాపలాదారు ఉండి ఏమి ప్రయోజనం? దొంగ వచ్చే వేళకు అతడు మేల్కొని ఉంటాడన్న నమ్మకం ఏమిటి?

ఈ చిక్కును కొంత విడదీయడానికి శాస్త్రజ్ఞులు సూర్యుని ఆశ్రయించారు. నోడ్ నెత్తిన అరచేయంత సౌరఫలకాన్ని అమర్చితే పగటి ఎండ విద్యుత్తుగా మారి బ్యాటరీని నింపుతుంది. 2005 నాటికే అమెరికా విశ్వవిద్యాలయాలలో ఇటువంటి నోడ్‌లు రూపొందాయి. గాలి, ప్రవాహం, యంత్రాల కంపనం, వేడిలోని హెచ్చుతగ్గుల నుండి కూడా కొద్దిపాటి విద్యుత్తును రాబట్టవచ్చు. ఇట్లా పరిసరాల నుండి శక్తిని ఏరుకొని బ్రతికే నోడ్‌కు బ్యాటరీ మార్చే పని అరుదు. అయితే దాని సమస్య మాయం కాలేదు, రూపం మార్చుకొన్నది. పూర్వం అది నిల్వ ధాన్యంతో ఏడాది గడపవలసిన ఇల్లు. ఇప్పుడు ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకొనే ఇల్లు. రాబడి ఉన్నది, కాని అది నిలకడ లేనిది. ఎండ కాసిన నాడు పుష్కలం, మబ్బు పట్టిన నాడు అత్యల్పం, రాత్రివేళ శూన్యం.

అటువంటి ఇల్లు గడవాలంటే రెండు తప్పులు చేయకూడదు. ఉన్నదంతా ముందే ఖర్చు చేస్తే అర్ధరాత్రి బ్యాటరీ అడుగంటుతుంది. మితిమీరి పొదుపు చేస్తే బ్యాటరీ నిండిపోయి, ఆపైన కాసిన ఎండ అంతా వ్యర్థమవుతుంది. నిండిన కుండలో పోసిన నీరు నేలపాలయినట్లే ఇదీ. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన వినోద్ శర్మ, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధనలో దీనికి గణితపరమైన సమాధానం చెప్పారు. నోడ్‌లో తగినంత నిల్వసామర్థ్యం ఉన్నట్లయితే, సగటు రాబడి కంటే ఇసుమంత తక్కువగా ఎప్పటికప్పుడు ఖర్చు చేస్తూ పోవడం మేలైన మార్గమని అందులో నిరూపించారు. తెలుగు ఇంటి ఇల్లాలు ఏ గణితమూ చదవకుండానే పాటించిన నీతి ఇది.

ఎంత ఖర్చు చేయాలో తెలిసిన తరువాత, ఎప్పుడు ఖర్చు చేయాలన్న ప్రశ్న వస్తుంది. ఒక నోడ్‌కు రోజంతా లభించిన శక్తి రెండు గంటల మెలకువకు మాత్రమే సరిపోతుందని అనుకొందాం. ఆ రెండు గంటలూ ఒక్కసారే మేల్కొంటే తక్కిన 22 గంటలలో ఏమి జరిగినా దానికి తెలియదు. అదే శక్తిని పంచుకొని ప్రతి 12 సెకన్లకు ఒక సెకను వంతున మేల్కొంటే, ఒకసారి మొదలై అట్లే కొనసాగే సంఘటనను 11 సెకన్లలోపే గుర్తించగలదు. రెండు సందర్భాలలోనూ ఖర్చు ఒక్కటే. ఫలితంలో మాత్రం ఎంతో అంతరం ఉన్నది. అయితే సంఘటన ఐదు సెకన్లు మాత్రమే నిలిచి మాయమయ్యేదైతే, ఆ నోడ్ దానిని గుర్తించే అవకాశం సగానికి సగమే.

ఇక్కడ ఇరుగుపొరుగు సహాయం అక్కరకు వస్తుంది. ఒకే చోటును గమనించే మూడు నోడ్‌లు ఒకదాని తరువాత ఒకటి నాలుగేసి సెకన్ల ఎడంతో మేల్కొన్నాయనుకొందాం. అప్పుడు ఎవరూ మేల్కొని ఉండని ఖాళీ మూడు సెకన్లకు మించదు. ఐదు సెకన్ల సంఘటన తప్పించుకొనే వీలు లేదు. అవే మూడు నోడ్‌లు ఒకే క్షణంలో మేల్కొని ఒకే క్షణంలో నిద్రిస్తే మూడింటి ఖర్చుకు ఒక్కదాని ఫలమే దక్కుతుంది. కోటలో కావలివారు జాముల వంతున కాపలా కాసినప్పుడే కోటకు రక్షణ. అందరూ ఒక్కసారే మేల్కొని, ఒక్కసారే కునుకు తీస్తే శత్రువుకు స్వాగతం పలికినట్లే.

గుర్తించినంతమాత్రాన పని ముగియలేదు, వార్త చేరాలి. వాగు గట్టున ఉన్న నోడ్ నుండి కేంద్రానికి కబురు వెళ్లే దారిలో ఐదు నోడ్‌లు ఉండి, ప్రతి ఒక్కటీ 11 సెకన్ల వరకు నిద్రలో ఉండగలిగితే, దారి మొత్తంలో 55 సెకన్ల వరకు ఆలస్యం జరగవచ్చు. దారిలోని నోడ్‌లు వరుసగా, ఒకదాని తరువాత మరొకటి మేల్కొనేటట్లు ఏర్పాటు చేస్తే వచ్చిన కబురు ఎక్కడా ఆగకుండా అలవలె ముందుకు సాగిపోతుంది.

ఇంతవరకు చెప్పినది అన్ని ప్రాంతాలకూ వర్తించే సూత్రం. ముత్తంగి వంటి చోట దీనికి మరొక మెలిక ఉన్నది. నైరుతి ఋతుపవనాల కాలంలో, జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఆకాశం మేఘావృతమై సౌరఫలకాల రాబడి తగ్గుతుంది. సరిగా ఆ వానలలోనే చెరువులు నిండి మత్తడులు దుముకుతాయి. ఎక్కడెక్కడో నిలిచిన మురుగు, రసాయన జలం వరదతో కలిసి వాగుల్లోకి చేరుతుంది. దొంగచాటుగా విషజలాన్ని వదలదలచినవారికి వానరాత్రి కంటే అనువైన వేళ లేదు. రాబడి ఎండలో, అవసరం వానలో. సంపాదన పగలు, ప్రమాదం రాత్రి. సూర్యుని పంచాంగం ఒకటి, ఆపద పంచాంగం మరొకటి. ఈ రెండింటినీ కలిపి చదవగలిగిన నోడ్ మాత్రమే సమయానికి మేల్కొని ఉండగలదు.

తెలంగాణ పల్లెలలోని నీరటికాడు ఈ విద్యలో ఆరితేరినవాడు. చెరువు కాపలా, తూముల నిర్వహణ అతని వృత్తి. వేసవిలో అడుగంటిన చెరువు వద్ద అతడు రాత్రంతా జాగారం చేయడు. ఉత్తరాన మబ్బు కమ్మినప్పుడు, ఎగువ చెరువు నిండిందన్న వార్త విన్నప్పుడు మాత్రం గొంగడి కప్పుకొని కట్టపైనే తెల్లవార్లూ తిరుగుతాడు. తన ఒంటి శక్తి పరిమితమని అతనికి తెలుసు. ఆ శక్తి ఏ రాత్రికి అవసరమో కూడా తెలుసు. శాస్త్రజ్ఞులు నోడ్‌కు నేర్పదలచిన బుద్ధి ఇదే. ఎండకాలపు మిగులును తగినంత పెద్ద బ్యాటరీలో నిలువచేసి, వాన సూచన కనబడగానే మెలకువను పెంచాలి. కేరళలోని మున్నారు కొండలలో అమృత విశ్వవిద్యాపీఠం శాస్త్రజ్ఞులు 2000 దశకం చివర కొండచరియలు విరిగిపడడాన్ని ముందుగా పసిగట్టే వైర్‌లెస్ జాలాన్ని నెలకొల్పారు. వర్షం తక్కువగా ఉన్నప్పుడు అరుదుగా, వర్షం ఉధృతమైన కొద్దీ తరచుగా కొలతలు తీసుకోవడం ఆ జాలంలోని విశేషం.

ముత్తంగి ఉన్న రహదారిమీదనే సంగారెడ్డి వైపు సాగితే కంది వద్ద ఐ.ఐ.టి. హైదరాబాదు కనబడుతుంది. 2008లో ఎద్దుమైలారంలో ప్రారంభమై, తరువాత కందికి తరలిన ఈ సంస్థ జపాన్ పరిశోధకులతో కలిసి 2010లో ప్రకృతి విపత్తుల సమాచార జాలంపై ఒక పథకాన్ని చేపట్టింది. దీనికి తొలి సంచాలకులైన ఆచార్య యు.బి. దేశాయి పరిశోధన చేసిన రంగాలలో వైర్‌లెస్ సెన్సర్ల జాలం ముఖ్యమైనది. సమస్య ఉన్న నేలమీదనే దానికి పరిష్కారం వెదకగల విద్యాలయం ఉండడం ఈ ప్రాంత విద్యార్థులకు ఒక వరం.

మేల్కొన్న నోడ్ ఎదుర్కొనే మరొక ప్రశ్న ఉన్నది. చూచినది నిజమైన ఆపదయేనా? నీటిలో లవణాల కొలత సాధారణంగా 100 వద్ద ఉంటుందనుకొందాం. ఒకసారి 125 కనబడింది. అది విషజలమా, సెన్సర్‌పై చిక్కుకొన్న నాచు ముక్కా? ఒక్క కొలతకే గంట మోగిస్తే బెదురు ఎక్కువవుతుంది. పదిసార్లు చూచి నిశ్చయించుకొందామంటే పుణ్యకాలం గడిచిపోతుంది. 1954లో ఇ.ఎస్. పేజ్ అనే ఆంగ్ల గణాంకవేత్త దీనికి ఒక చక్కని ఉపాయం చెప్పాడు. ప్రతి కొలతలోనూ హద్దుకు మించిన భాగాన్ని కూడుతూ, తగ్గిన భాగాన్ని తీసివేస్తూ పోవాలి. మొత్తం సున్నకు దిగువకు పోకూడదు. అది నిర్ణీత స్థాయిని తాకగానే హెచ్చరించాలి. హద్దు 105, హెచ్చరిక స్థాయి 30 అనుకొందాం. నాచు ముక్క వల్ల ఒకసారి 125 వచ్చి, ఆ తరువాత 98, 101, 95 వస్తే మొత్తం 20 నుండి 13కు, 9కి, చివరకు సున్నకు దిగుతుంది, గంట మోగదు. నిజంగానే విషజలం ప్రవేశించి 112, 115, 118 వస్తే మొత్తం 7, 17, 30 అవుతుంది. మూడవ కొలతకే గంట మోగుతుంది. తొందరపాటుకు, తాత్సారానికి నడుమ ఉన్న ఈ సన్నని దారిలో నడవడమే సకాల గుర్తింపు.

యంత్రానికి ఎంత తెలివి నేర్పినా దానికి హద్దులున్నాయి. సెన్సర్ తాను ఉన్న చోటును, తనకు నేర్పిన గుణాన్ని మాత్రమే చూడగలదు. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆమ్లతను, లవణాలను, కరిగిన ఆక్సిజన్‌ను మాత్రమే కొలిచే సెన్సర్‌కు ఆ మందు ఆనవాలు తెలియదు. ఎక్కడ చూడాలన్నది కూడా ఏమి చూడాలన్నంత ముఖ్యం. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది మరణించారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం తన నివేదికలో రెండు విషయాలను పేర్కొన్నది. ట్యాంకు అడుగుభాగంలో మాత్రమే ఉష్ణోగ్రతను కొలిచే ఏర్పాటు ఉన్నది. మధ్య, పై భాగాలలో లేదు. ప్రమాద సూచకమైన సైరన్ మ్రోగలేదు. ఒకటి చూడవలసిన చోట కన్ను లేకపోవడం, రెండవది పలకవలసిన వేళ నోరు పెగలకపోవడం.

యంత్రానికి మనిషి సేవ కూడా కావాలి. లారీల రాకపోకలతో రేగే దుమ్ము సౌరఫలకంపై పేరుకొంటే నోడ్ పస్తులుంటుంది. నీటిలో మునిగిన సెన్సర్‌కు నాచు పడితే దాని చూపు మందగిస్తుంది. నెలకొకసారైనా వాటిని తుడిచే చేయి లేనిచోట ఎంత ఖరీదైన జాలమైనా కొన్నాళ్లకు గట్టున పడి ఉన్న పెట్టెల వరుసగా మిగులుతుంది.

2025 జూన్ 30న ముత్తంగికి సమీపంలోని పాశమైలారం పారిశ్రామికవాడలో ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో సంభవించిన పేలుడు యాభైమందికి పైగా శ్రామికులను బలిగొన్నది. వారిలో పొట్టచేత పట్టుకొని దూరప్రాంతాల నుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వాగులోకి విషం పాకడానికి గంటలు పడుతుంది. పేలుడుకు క్షణం చాలు. అటువంటి చోట పేలుడును గుర్తించడం వల్ల ప్రయోజనం లేదు. దానికి ముందు మెల్లగా పెరిగే వేడిని, ఒత్తిడిని, ధూళిని గుర్తించాలి. గుర్తించిన వెంటనే యంత్రాన్ని ఆపే అధికారం అక్కడున్న శ్రామికునికి ఉండాలి. ఉత్పత్తి ఆగిపోతుందని హెచ్చరికను పెడచెవిన పెట్టే యాజమాన్యం ఉన్నచోట వేయి సెన్సర్లున్నా వ్యర్థమే.

విదురుడు చెప్పిన మాటను ధర్మరాజు విన్నాడు కాబట్టే కథ ముందుకు సాగింది. నీటి గట్టున నిలిచిన చిన్న నోడ్ పగటి ఎండను పైసా పైసాగా కూడబెట్టి, వానరాత్రి ఒక్క క్షణం కన్ను తెరిచి, విన్నవారికి కొన్ని నిమిషాల వ్యవధిని కానుకగా ఇస్తుంది. ఆ నిమిషాలలో తూము మూయడం, పశువులను మళ్లించడం, బస్తీని ఖాళీ చేయించడం, దోషిని పట్టుకోవడం మానవుల పని. శక్తిని కూడబెట్టడం యంత్రం నేర్చుకొన్నది. అది కూడబెట్టి ఇచ్చిన కాలాన్ని వృథా చేయకపోవడం సమాజం నేర్చుకోవలసిన పాఠం.

పదాలు – అర్థాలు

వ్యవధి = నడిమి కాలం, గడువు
ఖనకుడు = నేలను త్రవ్వేవాడు
మర్మం = రహస్యం
మత్తడి = చెరువు నిండినప్పుడు అధిక జలం పొర్లిపోయే కట్టడం, అలుగు
తూము = చెరువు నీటిని పొలాలకు వదిలే మార్గం
నీరటికాడు = చెరువును కాపాడుతూ పొలాలకు నీరు పంచే గ్రామ సేవకుడు
తాత్సారం = ఆలస్యం, జాగు
పెడచెవిన పెట్టు = లక్ష్యపెట్టకుండు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ముత్తంగి పరిసరాలలో ఆపదను సకాలంలో గుర్తించే సాధనాల అవసరం ఎందుకు ఏర్పడింది? వివరించండి.
2. సూర్యరశ్మిపై ఆధారపడిన నోడ్ తన శక్తిని ఏ విధంగా వినియోగించుకోవాలి? పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. లాక్షాగృహ వృత్తాంతంలోని మూడు అంశాలు ఏవి?
2. మూడు నోడ్‌లు ఒకే క్షణంలో మేల్కొనడం వల్ల కలిగే నష్టం ఏమిటి?
3. నీరటికాని కాపలాకు, నోడ్ మెలకువకు గల పోలికను తెలపండి.
4. విశాఖపట్నం దుర్ఘటనపై ఉన్నతస్థాయి సంఘం పేర్కొన్న లోపాలు ఏవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. సూర్యుని పంచాంగం ఒకటి, ఆపద పంచాంగం మరొకటి.
2. చేపల కళేబరం కంటే ముందు కబురు తెచ్చే సాధనం కావాలి.

IV. సంధులు
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
తదనుగుణం = తత్ + అనుగుణం – జశ్త్వ సంధి
మేఘావృతం = మేఘ + ఆవృతం – సవర్ణదీర్ఘ సంధి

V. సమాసాలు
లాక్షాగృహం = లాక్షతో నిర్మించిన గృహం – తృతీయా తత్పురుష సమాసం
సూర్యరశ్మి = సూర్యుని యొక్క రశ్మి – షష్ఠీ తత్పురుష సమాసం
వ్యర్థజలాలు = వ్యర్థమైన జలాలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VI. మీ ఊరిలోని చెరువును గాని, వాగును గాని పరిశీలించి, అక్కడ ఒకే ఒక్క సెన్సర్‌ను అమర్చే అవకాశం ఉంటే దానిని ఎక్కడ ఉంచుతారో, ఏ కాలంలో ఎక్కువ మెలకువగా ఉంచుతారో కారణాలతో ఒక పుటకు మించకుండా రాయండి.